మగ్గం గుంట మీద డ్రాయింగ్ బల్ల

మా ఇంటి ముందుగదిలో గుంటమగ్గం ఉండేది. తాతయ్య, ఆయన తర్వాత నాన్న ఆ గుంటలోకి కాళ్ళు దించుకుని కూర్చుని బరంపురం పట్టు నేశారు. 2019 ఆగస్టులో ఆ గుంటలో ఇసుక పోయించి, నీళ్ళు కొట్టి దిమ్మిసతో గట్టిగా కొట్టించి, పైన సిమెంటు గచ్చు చేయించి, దాని మీద నా డ్రాయింగ్ బల్ల వేసుకున్నాను. మోకాళ్ళు సహకరించక నాన్న మగ్గం మానేసి అప్పటికే నాలుగేళ్ళు. అయినా ఇసుక పోస్తున్నంతసేపూ ఆయన పెరట్లోంచి లోపలికి రాలేదు. సాయంత్రం వచ్చి, కొత్త గచ్చు మీద అరచెయ్యి ఆనించి చూసి, "వారం రోజులు తడుపమ్మా, లేకపోతే బీటలిచ్చేస్తుంది" అన్నారు. ఇంకేమీ అనలేదు.

రాయగడ నుంచి, పర్లాకిమిడి నుంచి, జయపురం నుంచి ఈ మధ్య పిల్లలు ఫోన్లు చేస్తున్నారు. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్ళు, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉద్యోగంలో ఉన్నవాళ్ళు. "అక్కా, మన ఊళ్ళలో ఆర్కిటెక్టు ఆఫీసు పెడితే బతకగలమా?" అని అడుగుతున్నారు. ఫోనులో పది నిమిషాల్లో చెప్పే సంగతి కాదు. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు మా ఊరి గురించి నాలుగు మాటలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మా నేతవాళ్ళ వీధుల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతరలో బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చేది మా డేరా నేతవాళ్ళ ఇంటికే. జాతీయ రహదారి మీద పాతిక కిలోమీటర్లు పోతే ఇచ్ఛాపురం, అంటే ఆంధ్రా. చుట్టాలు సరిహద్దు గీతకి ఇటూ అటూ ఉంటారు. అందుకే ఇల్లు కట్టించుకునేవాళ్ళూ, కట్టే మేస్త్రీలూ కూడా ఇటూ అటూ ఉంటారు. ఇది నా పనికి ఎంత ముఖ్యమో మొదట్లో నాకు తెలియలేదు.

విశాఖలో చదువు అయ్యాక హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆఫీసులో మూడేళ్ళు చేశాను. అందులో రెండేళ్ళు ఒకే అపార్టుమెంటు మెట్లూ బాత్రూములూ గీశాను. పని నేర్పించారు, ఆ మాట కాదనను. కానీ నాకు ఎప్పుడూ 2013 అక్టోబరు 12 గుర్తొచ్చేది. దసరా సెలవులకి ఇంట్లో ఉన్నాను. ఆ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలి. మా పెంకులు ఒక్కొక్కటీ కాదు, వరసలకి వరసలే లేచిపోయాయి. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. నాన్న పడుగు మీద టార్పాలిన్ కప్పి, దాని అంచులు పట్టుకుని తెల్లార్లూ అక్కడే కూర్చున్నారు. పొద్దున్న వీధిలోకి వస్తే ఎదురింటి మేడ పిట్టగోడ పడిపోయి ఉంది. పెంకుటిల్లు కాదది, సిమెంటు మేడ, కట్టి పదిహేనేళ్ళు కాలేదు. విరిగిన ముక్కలోంచి బయటికొచ్చిన ఇనపచువ్వని పట్టుకుంటే పొరలు పొరలుగా నా వేళ్ళ మధ్య రాలిపోయింది. దాని మీద సిమెంటు అరంగుళం కూడా లేదు. ఉప్పుగాలి లోపలికి పోయి చువ్వని తినేసింది. మూడో సంవత్సరం విద్యార్థిని నేను. పుస్తకంలో చదివిన "కవరు", అంటే చువ్వని కప్పి ఉండాల్సిన కాంక్రీటు మందం, ఆ మాటకి అర్థం ఆ పొద్దున్న తెలిసింది.

హైదరాబాద్ ఉద్యోగం వదిలి బరంపురం తిరిగొచ్చాక మొదటి పని కాగితాలు. 1972 ఆర్కిటెక్టుల చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఉంటేనే పేరు ముందు "ఆర్కిటెక్టు" అని రాసుకోవాలి. నా నమోదు హైదరాబాద్‌లో ఉన్నప్పుడే అయింది. గడువు తీరకుండా రెన్యువల్ చేయించుకుంటే చాలు. సొంత పేరు మీదే ప్రొప్రయిటర్‌షిప్, సొంత పాన్, ఒక కరెంటు ఖాతా. 2020 జులై నుంచి చిన్న వ్యాపారాలకి ఉద్యమ్ నమోదు మొదలయ్యాక అదీ చేయించాను, ఖర్చు లేదు.

బోర్డు మాత్రం ఆలోచించి పెట్టాను. మన వృత్తికి 1989 నాటి ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం ఆర్కిటెక్టు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. ఆఫీసు బయట, కట్టే ఇంటి దగ్గర పేరు పెట్టుకోవచ్చు, అయితే అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదు. బడాబజార్‌లో బోర్డులు రాసే ముసలాయన్ని పిలిచి, స్కేలు చేతికిచ్చి, పైన ఒడియా, మధ్యలో తెలుగు, కింద ఇంగ్లిషు రాయమన్నాను. ఆయనకి తెలుగు రాదు. నేను పెన్సిలుతో గీసిచ్చిన అక్షరాల మీద కుంచె తిప్పాడు. తలకట్టు దగ్గర ఆగి, "ఇది పైకి పోవాలా, పక్కకి పోవాలా?" అని ఒడియాలో అడిగి మరీ రాశాడు. ఆ బోర్డు ఇప్పటికీ అదే.

డబ్బు సంగతికొస్తే, ముద్రా పథకం కింద 2 లక్షలు అప్పు అడిగాను. ఒక బ్యాంకు శాఖలో మూడుసార్లు తిప్పించుకుని చివరికి మేనేజరు గారు అడిగిన ప్రశ్న, "మీ దగ్గర స్టాకు ఏముంది?" అని. కిరాణా కొట్టుకి బియ్యం బస్తాలుంటాయి, బట్టల కొట్టుకి తానులుంటాయి. నా దగ్గర చూపించడానికి కాగితం తప్ప ఏమీ లేదు. అప్పు రాలేదు. హైదరాబాద్‌లో దాచుకున్న 1,80,000తో కంప్యూటరు, ఇన్వర్టరు, ఏ3 ప్రింటరు కొన్నాను. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి ఏటా కట్టే సొమ్మే అప్పట్లో నాకు అన్నిటికన్నా పెద్ద బిల్లు. దొంగ కాపీ వద్దనుకున్నాను కాబట్టి మొదటి ఆరునెలలు సగం పని చేత్తోనే గీశాను.

ఆ మేనేజరు గారి ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదని త్వరలోనే తెలిసింది. మా ఊళ్ళో ప్లాను అంటే అనుమతి కోసం ఇచ్చే కాగితం. ఆఫీసుల చుట్టుపక్కల కంప్యూటరు పెట్టుకుని కూర్చున్న డ్రాఫ్ట్స్‌మెన్ అడుగుకి రెండు మూడు రూపాయలు తీసుకుని, ప్లాను గీసి, పాస్ చేయించి ఇచ్చేవారు. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళలో మంచి చెయ్యి ఉన్నవాళ్ళున్నారు. పైగా 2020 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది: చట్టం కాపాడేది "ఆర్కిటెక్టు" అన్న పేరుని, ఇల్లు గీసే పనిని కాదు, నమోదు లేనివాళ్ళు ఆ పేరు పెట్టుకోకూడదు కానీ గీయడం నేరం కాదు అని. కాబట్టి నా దగ్గరికి రావాలంటే చట్టం కాకుండా ఇంకేదో కారణం ఉండాలి.

ఆ కారణం ఏమిటో తెలియక ముందు నేను చేసిన తప్పు, ఊరికే గీసివ్వడం. మేనమామ ఇల్లు కడుతున్నాడు. "మన పిల్లే కదా" అన్నారు అందరూ. పదిహేను రోజులు కూర్చుని, గాలి ఎటు నుంచి వస్తుందో, మధ్యాహ్నం ఎండ ఏ గోడ మీద పడుతుందో చూసి గీశాను. కాగితాలిచ్చాక నన్నెవరూ పిలవలేదు. ఐదు నెలలకి గృహప్రవేశానికి వెళితే, మెట్లు ఇంకో వైపు నుంచి ఎక్కుతున్నాయి. సిద్ధాంతి గారు చెప్పారట, మేస్త్రీ మార్చేశాడట. మార్చినవాడికి బీము ఎక్కడొస్తుందో తట్టలేదు. నా ఎత్తు మనిషికే ఏడో మెట్టు దగ్గర తల తగులుతోంది. వచ్చిన చుట్టాలతో మావయ్య, "మా మేనకోడలు గీసిందే" అని చెబుతున్నాడు. ఆ మధ్యాహ్నం భోజనం నాకు మింగుడు పడలేదు. ఇంటికొచ్చి నాన్నతో చెప్పుకుని ఏడ్చాను.

నాన్న కాసేపు ఊరుకుని, "పట్టుచీర అంచుకి ముందు గళ్ళ కాగితం మీద డిజైను గీస్తారు కదమ్మా. ఆ కాగితానికి ఎవరైనా డబ్బిచ్చారా ఎప్పుడైనా? మగ్గం దగ్గర కూర్చుని, ఏ పోగు ఎక్కడ ఎత్తాలో చూసి చెయ్యించినోడికిచ్చారు" అన్నారు.

ఆ మాట పట్టుకునే నా పని మారింది. కాగితం అమ్మడం మానేశాను. కట్టే చోటికి వెళ్ళి నిలబడటాన్ని అమ్మడం మొదలుపెట్టాను.

నిలబడగానే తెలిసిన మొదటి విషయం, నా కాగితాన్ని మేస్త్రీ చదవడం లేదని. మొదటి డబ్బులిచ్చిన ఇల్లు అంబపువా వైపు. తాపీమేస్త్రీ సోంపేట మనిషి, పాతికేళ్ళ అనుభవం. ఇనుము కట్టేవాడు ఒడియా అబ్బాయి. నేను మిల్లీమీటర్లలో, ఇంగ్లిషులో గీసిన ఆరు షీట్లు ఇచ్చాను. నాలుగో రోజు వెళితే ఆ షీట్లు ఇటుకల కింద తడిసి ముద్దయి ఉన్నాయి. మేస్త్రీ గోడ మీద బొగ్గుతో తన ప్లాను తను గీసుకున్నాడు. కోపం వచ్చింది కానీ దగ్గరికెళ్ళి చూస్తే అది నా ప్లానే, అడుగుల్లోకి మార్చి, చదవగలిగేలా గీసుకున్నాడు. 230 అని నేను రాసిన చోట 9 అంగుళాలు. ఇనుము కట్టే అబ్బాయి పది ఎంఎం చువ్వని "తిని సుతా" అంటాడు, అంటే మూడు సూతలు; సూత అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పన్నెండు ఎంఎం అతనికి నాలుగు సూతలు. ఒకే చువ్వకి ఒకే ఇంట్లో మూడు పేర్లు నడుస్తున్నాయి.

ఆ రాత్రి కూర్చుని షీట్లన్నీ మళ్ళీ చేశాను. దశకి ఒకే కాగితం: ముగ్గు పోసే రోజుకి ఒకటి, పునాదికి ఒకటి, లింటెల్ ఎత్తుకి ఒకటి, స్లాబుకి ఒకటి. కొలత అడుగులు, అంగుళాల్లో పెద్దగా, కింద చిన్నగా మిల్లీమీటర్లు. మాటలు తెలుగులో, ఒడియాలో. ఇనుముకి ఎంఎం పక్కనే సూతలు. లామినేషన్ చేయించి, పై మూలలో చిల్లు పెట్టి, తాడు కట్టి, మేకుకి వేలాడదీశాను. మేస్త్రీ చాలాసేపు చూశాడు. నేను "కేంద్ర రేఖ" అని రాసిన చోట వేలు పెట్టి, "ఇదేటమ్మా?" అన్నాడు. చెప్పాను. "సెంటర్ దారం అని రాయండమ్మా, మావోళ్ళకి తెలుస్తాది" అన్నాడు. మార్చాను. అప్పటినుంచి ఏ కొత్త మేస్త్రీ వచ్చినా మొదటి షీటు ఇచ్చి, ఇందులో మీకు తెలియని మాటలు ఏవో చెప్పండి అని అడుగుతాను. అలా పోగైన మాటల పట్టిక ఒకటి నా బల్ల సొరుగులో ఉంది. మా పిల్లలెవరైనా ఈ వృత్తిలోకి వస్తే నేనివ్వగలిగిన ఆస్తి అదే.

అడ్వాన్సు లేకుండా గీత గీయకూడదన్నది రెండో నిర్ణయం. రెండు పేజీల ఒప్పందం రాసుకున్నాను, ఇంటివాళ్ళు ఏ భాష చదివితే ఆ భాషలో. ఫీజు నాలుగు భాగాలు: మొదలుపెట్టేటప్పుడు, ప్లాను ఖాయమయ్యాక, పునాదికి ముందు, చివరి స్లాబు తర్వాత. అందులో పన్నెండుసార్లు సైటుకి రావడం కలిసే ఉంటుంది, ఆ పైన ప్రతిసారికీ విడిగా. కౌన్సిల్ సూచించే రేటుకి నా ఫీజు చాలా తక్కువే. అయినా "ఎందుకమ్మా ఇంత?" అన్నవాళ్ళకి ఆ పన్నెండు సందర్శనాల తేదీల పట్టిక చూపిస్తే సగంమంది ఒప్పుకునేవారు. మిగతావాళ్ళు వెళ్ళిపోయేవారు, వెళ్ళనిచ్చాను. సిద్ధాంతి గారి సంగతి కూడా ఇక్కడే తేల్చుకున్నాను. మొదటి గీతకి ముందే ఆయన్ని పిలిపించండి, ఇద్దరం కలిసి కూర్చుంటాం అంటాను. ముందే తెలిస్తే ఏ మూల వంటగది వచ్చినా ఇల్లు బాగా చెయ్యొచ్చు. పునాది పడ్డాక చెబితేనే నష్టం.

2020 వేసవిలో పనులన్నీ ఆగాయి. సూరత్ మరమగ్గాల్లో పనిచేసే మా గంజాం జిల్లా మనుషులు వేలకి వేలు ఇళ్ళకి తిరిగొచ్చారు. నాకు ఇక పని ఉండదనుకున్నాను. కానీ నా ఆఫీసుని నిలబెట్టింది వాళ్ళే. ఊరికొచ్చి ఊరికే కూర్చున్న నెలల్లో పాత ఇంటి కప్పు చూసుకున్నారు. హింజిలి వైపు పల్లెనుంచి ఒకాయన వచ్చి, దాచుకున్నది ఇంత, మళ్ళీ సూరత్ వెళితే ఏటా ఇంత పంపగలను, రెండంతస్తుల ఇల్లు కావాలి, అప్పు మాత్రం చెయ్యను అన్నాడు. హైదరాబాద్‌లో ఎవరూ నన్ను అలా అడగలేదు. అక్కడ ఇల్లంటే బ్యాంకు అప్పు, ఒకేసారి కట్టడం. ఇక్కడ ఇల్లంటే ఏడాదికింత.

కాబట్టి ఇంటిని ముక్కలుగా గీయడం నేర్చుకున్నాను. మొదటి ఏడు రెండు గదులు, వంటిల్లు, మరుగుదొడ్డి, ఆ ముక్కలోనే పూర్తిగా బతకగలిగేలా. మెట్లు మొదటే, ఎందుకంటే తర్వాత కట్టే మెట్లు ఎప్పుడూ ఇరుకే. పునాది మాత్రం మొత్తం బరువుకి. పై అంతస్తు కోసం వదిలిన చువ్వలు ఊళ్ళో ప్రతి మేడ మీదా ఆకాశంలోకి లేచి తుప్పు పట్టి కనబడతాయి, తుప్పు పెరిగేకొద్దీ వాటి బలం పోతుంది. నేను వాటికి సిమెంటు పాలు పూయించి, చుట్టూ పల్చని కాంక్రీటు పోయించి మూసేయిస్తాను. పై అంతస్తు కట్టే రోజున పగలగొడితే లోపల చువ్వ కొత్తదిలా ఉంటుంది. ఆ హింజిలి ఇంటికి నా ఫీజు మూడు దసరాలకి మూడు భాగాలుగా వచ్చింది. సూరత్ నుంచి వాట్సాప్‌లో ఫొటోలు చూసి, "మేడమ్, కిటికీ ఎత్తు సరిపోయిందా?" అని ఆయన రాత్రి షిఫ్టు మధ్యలో మెసేజ్ పెట్టేవాడు. ఆయన వల్ల అదే ఊళ్ళో ఐదిళ్ళు వచ్చాయి.

పట్టా చూడకుండా పని ఒప్పుకోవడం వల్ల పడ్డ దెబ్బ కూడా చెప్పాలి. ఒక మాస్టారు గారింటికి అన్నీ గీసి, ఆన్‌లైన్‌లో అనుమతికి పెట్టాక తెలిసింది, ఆ స్థలం పట్టాలో కిసమ్, అంటే భూమి రకం, ఇంకా శారద, అంటే వరిపొలం. ఘరబారిగా, అంటే ఇంటిస్థలంగా మార్చుకోవాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ కింద తహశీల్దారు దగ్గర అర్జీ పెట్టుకోవాలి. ఐదు నెలలు పోయాయి, ఆ ఐదు నెలలూ నా ఫీజు కూడా ఆగింది. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఆన్‌లైన్ భూరికార్డు భూలేఖ్‌లో పట్టా తీసి చూస్తాను. రాయగడ, కొరాపుట్ పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అవి పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 నాటి రెగ్యులేషన్ ఉంది. ఆ భూమి ఎవరిదో తేలకుండా అక్కడ ఇల్లు గీయడం మనకి తగని పని.

ఇక గోపాల్‌పూర్ దారిలో కట్టిన ఇల్లు. సముద్రానికి బాగా దగ్గర. ఉప్పుగాలి తగిలే కాంక్రీటు, మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, ఎం30 అనే బలం గ్రేడుకి తగ్గకూడదు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలి. గాలి వేగం లెక్క మా తీరానికి సెకనుకి 50 మీటర్లు. ఇవన్నీ షీటు మీద రాశాను, రెండు భాషల్లో. పిల్లర్లు, బీముల ఇనుము కట్టడం అయిపోయి, పొద్దున్న ఆరింటికి కాంక్రీటు పోస్తారనగా ఐదుంపావుకి వెళ్ళాను. మిక్సరు మిల్లరు తిరగడం మొదలైంది. ఇరవైమంది కూలీలు టీ తాగుతున్నారు. సెంట్రింగ్ మీదకి ఎక్కి బీము అచ్చులోకి టార్చి వేస్తే, చువ్వల కింద, వాటిని పలకకి ఎడంగా ఉంచే కవర్ బ్లాకులు లేవు, కంకర ముక్కలు పెట్టి ఉన్నాయి. కొన్నిచోట్ల అవీ జారిపోయి చువ్వ పలకకి ఆనుకునే ఉంది. వేలు దూర్చి చూశాను, దూరలేదు.

ఆపమన్నాను. గుత్తేదారు మాటలు పెరిగాయి: మిల్లరు బాడుగ, ఇరవైమంది కూలి, అన్నీ ఎవరిస్తారు, ఇన్నేళ్ళుగా కంకరే పెడుతున్నాం, ఏ ఇల్లు పడింది? ఇంటాయన మా ఇద్దరి మధ్యా నిలబడిపోయాడు. ఆయన డబ్బు అది, ఆయన కళ్ళలో భయం నాకు కనబడుతోంది. ఫైలిన్ తర్వాత పొద్దున్న ఎదురింటి పిట్టగోడ చువ్వ నా చేతిలో ఎలా రాలిందో ఆయనకి చెప్పాను. నేను అరవలేదు. గొంతు వణికింది, అది నిజం. ఆయన కాసేపు సముద్రం వైపు చూసి, "రేపు పోద్దాం" అన్నాడు. ఆ రోజు కూలి సగం ఆయన, సగం నేను ఇచ్చుకున్నాం. నా వంతు 6,000. ఆ నెలలో అది నాకు పెద్ద సొమ్ము.

ఆ పగలంతా నేనూ, సోంపేట మేస్త్రీ, ఇద్దరు కూలీలూ కూర్చుని బ్లాకులు చేశాం. ఒక వంతు సిమెంటు, రెండు వంతులు ఇసుక, 45 మిల్లీమీటర్ల మందాన చెక్కచట్రంలో పోసి, తడిగా ఉండగానే బైండింగ్ తీగ గుచ్చి, తాపీ అంచుతో గళ్ళు కోశాం. ఒక్క రాత్రికి అవి గట్టిపడవు కాబట్టి ఆ ఒక్కసారికి బరంపురంలో దొరికిన రెడీమేడ్ బ్లాకులు తెచ్చి పెట్టాం. మేం చేసినవి నీళ్ళలో నానబెట్టి తర్వాతి స్లాబుకి వాడాం. ఇప్పుడు నా ఏ ఇంటి పనైనా పునాది ముగ్గు పోసిన రోజే కవర్ బ్లాకుల చట్రం పెట్టించడంతో మొదలవుతుంది. పోసే ముందురోజు సాయంత్రం చూడటం కూడా అప్పటినుంచే అలవాటైంది. పొద్దున్న చూసి ఆపితే అందరికీ నష్టం. ఆ తప్పులో నా వంతూ ఉంది.

కమీషన్ల సంగతి చెప్పకుండా వదిలేస్తే మోసం అవుతుంది. టైల్స్, ఇనుము, శానిటరీ అమ్మే ఒక పెద్ద దుకాణం నుంచి మనిషి వచ్చి, మీరు పంపే ప్రతి బిల్లులో ఇంత శాతం అని కవరు బల్ల మీద పెట్టాడు. ఆ కవర్లో ఉన్నది నాకు రెండు నెలల సంపాదన. నియమాలు వద్దంటాయి, నేనూ వద్దన్నాను. తర్వాత ఆ దుకాణం వాళ్ళు నా ఇంటివాళ్ళతో, ఆవిడకి అనుభవం లేదని చెప్పడం మొదలెట్టారు. రెండు పనులు అలా పోయాయి. ఇనుము ఎక్కడ కొనాలో నేను చెప్పను, ఏ ఇనుము కొనాలో మాత్రం రాసిస్తాను.

గీత అవతలి పని మొదటిసారి 2022లో వచ్చింది, ఇచ్ఛాపురంలో పిన్ని వాళ్ళ వియ్యాలవారిది. కౌన్సిల్ నమోదు దేశమంతటా చెల్లుతుంది, కానీ అనుమతి పోర్టలు వేరు, నిబంధనలు వేరు, అక్కడ మళ్ళీ పేరు ఎక్కించుకోవాలి. ఇక్కడ డిసిమిల్ అంటాం, అక్కడ సెంటు అంటారు, రెండూ ఎకరంలో నూరో వంతే. గజాల్లో చెప్పేవాళ్ళకి మాత్రం లెక్క కట్టి చూపించాలి. పన్ను సంగతి అడుగుతారు కాబట్టి ఒక్క మాట: ఇంటికి సంబంధించిన సేవ ఆ ఇల్లున్న రాష్ట్రంలో జరిగినట్టు లెక్క. జీఎస్టీ నమోదు ఉంటే ఆంధ్రా ఇంటి బిల్లుకి ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య జీఎస్టీ పడుతుంది. ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకూ మనలాంటి సేవలకి నమోదు తప్పనిసరి కాదు, నేను ఇంకా దాటలేదు. ఆదాయపు పన్నుకి మనలాంటి వృత్తులకున్న తేలిక పద్ధతిలో వచ్చినదాంట్లో సగం లాభంగా చూపిస్తే సరిపోతుంది, పెద్ద పద్దులు రాయక్కర్లేదు. కంపెనీలు, ట్రస్టులు ఇచ్చే ఫీజులో 10 శాతం టీడీఎస్ కోస్తాయి, రిటర్ను వేసి తెచ్చుకోండి, వదిలెయ్యకండి.

అసలు లెక్క కూడా చెబుతాను, అడగడానికి మొహమాటపడతారు కాబట్టి. మొదటి ఆర్థిక సంవత్సరం నాకు వచ్చింది 64,000. రెండోది 1,35,000. ఇంట్లో ఉండబట్టి, అద్దె లేకపోబట్టి నిలబడ్డాను. నాలుగో ఏడు 5 లక్షలు దాటింది. పోయినేడు 11 లక్షలు, అందులోంచి డిప్లొమా చదివిన ఒక అమ్మాయికి జీతం. రావలసినవి ఇంకా 1,40,000 ఉన్నాయి, రెండిళ్ళ చివరి భాగాలు. చివరి భాగం ఎప్పుడూ కష్టమే, ఇంట్లో చేరిపోయాక మన ఫోను ఎత్తరు. అందుకే దాన్ని చిన్నది చేసి, మొదటి మూడూ పెంచాను. చేతిలో ఏడాదిన్నర తిండికి సరిపడా లేకుండా, తలదాచుకునే గది లేకుండా మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పలేను.

ఇప్పుడు ముందుగది సరిపోవడం లేదు. అమ్మాయి బల్ల, నా బల్ల, వచ్చినవాళ్ళ కుర్చీలు. నాన్నే పోయిన నెల అన్నారు, "నడిమింటి గోడ తీసెయ్యి, రెండు గదులూ ఒకటైపోతాయి" అని. అది తాతయ్య కాలం నాటి ఇటుక గోడ, మట్టి అడుసుతో కట్టింది, పై దూలాల బరువంతా దాని మీదే ఉంది. ఊరికే తియ్యడానికి లేదు. దూలాల కింద ముందు జాకీలు పెట్టాలి, గోడలో సగం చొప్పున తొలిచి ఇనప బీములు దూర్చాలి, ఆ తర్వాతే కింద తెరవాలి. కొలతలు తీసుకున్నాను. షీటు తెలుగులో గీశాను, ఇనుము పనికి ఒడియాలో ఒకటి. సోంపేట మేస్త్రీ ఇచ్ఛాపురం స్లాబు అయ్యాక వచ్చే వారం వస్తానన్నాడు. నాన్న ఆ షీటు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, దూలం దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ చెదలు పట్టింది, చూశావా?" అన్నారు. చూడలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి చూడాలి.